చరియ

నాది హన్మకొండ.
పేరుల కొండ ఉన్నది గని
నేను కొండెక్కింది లేదు.
నయీంనగర్ల మా మిద్దె మీదికెళ్ళి చూస్తే
కనపడేటివి నీళ్ళ ట్యాంకులు.

రేగొండ అవతలి ఈ బడికి పోస్టింగొచ్చిన ఏడు
ఏడో తరగతి సాంఘికంల "భృగువు" వచ్చింది.
బోర్డు మీద రాసిన: నిటారుగా నిలిచిన శిలాముఖం.
ఎనక బెంచీల సుమన్ లేసి
"భృగువంటే ముని గద సార్,
విష్ణుమూర్తిని తన్నినాయన" అన్నడు.
క్లాసంత నవ్వింది.
కిటికీ బయట, సరిగ్గ నా చాక్‌పీసుకు ఎదురుంగ,
గుట్ట నిలబడి ఉన్నది.
నేను అటు చూపెట్టలేదు.

కార్తీకంల ఓ మాపటేల
మేకపిల్ల కోసం ఎక్కిన సుమన్ దిగి రాలేదు.
మీదికెళ్ళి ఏడుపు ఇనబడుతున్నది.
ఒక్క ఏడుపే, రాళ్ళు దాన్ని నాలుగు చేసి పంపుతున్నయి.
ఫోన్ చేసిన.
"లొకేషన్ చెప్పండి సార్."
"కొండచరియ మీద చిక్కుకున్నడు."
"చరియలు విరిగిపడ్డాయా?"
"లేదమ్మా, విరగలే."
"మరి?"

మరి.
పేపర్ల ఎన్నడన్న చదివిన్నా
విరగకుండ నిలబడ్డ చరియ గురించి?
ఆ మాటకు పడుడు తప్ప
ఇంకో పని చెప్పినమా?

దండుగుల కొంరవ్వ అప్పుడే గంప దించింది.
రాళ్ళు గొట్టిన చేతులు,
కుడి బొటనేలికి గోరు లేదు.
గుట్ట దిక్కు చెవి పెట్టి ఇన్నది జరసేపు.
మొగోళ్ళ దిక్కు తిరిగింది, నా దిక్కు గాదు.
"దోనె కాడ గాదు. దోనె కాడైతే ఏడుపు తడిగ ఇనబడ్తది.
పెద్ద పరుపెక్కున్రి. నిట్టాడు బండను ఎడమకిడువున్రి.
నెర్రె పట్టుకొని పోతే కోతిమెడ.
మెడ కింద జారుడు, అటు కాలు పెట్టకున్రి.
సొరికె ముంగట గద్దరెట్ట తెల్లగ కారి ఉంటది.
దాని కింద అర.
పోరడు అరల ఉన్నడు."

నాకు అన్నీ తెలిసిన మాటలే.
పరుపు మీద పండుకున్న, అరల బట్టలు సదిరిన,
మెడకు మఫ్లరు చుట్టిన.
అవి కలిస్తే గుట్టయితదని తెల్వదు.

నలుగురు మనుషులు, ఒక తాడు, రెండు టార్చిలైట్లు
ఆమె మాటల మీద కాలు పెట్టుకుంట ఎక్కిన్రు.
ఒక్క మాట కదల్లేదు.
రాత్రి పదింటికి పోరన్ని ఈపుకు కట్టుకొని దించిన్రు.
మేకపిల్ల ఎప్పుడో దిగొచ్చి
తల్లి కాడ పాలు తాగుతున్నది.

తెల్లారి హాజరు పట్టీ పట్టుకొని కొంరవ్వ కాడికి పోయిన,
ఎనక పేజీల రాసుకుందామని.
"చట్టుకు, బండకు ఏం తేడా అవ్వా?"
సుత్తె ఆపకుండనే చెప్పింది:
"చట్టు మీద ఏస్తే ఊఁ అంటది. బండ ఖంగుమంటది."
"గుండు?"
"గుండు జోలికి పోం.
అది కూసున్నది గాదు, ఆగింది."
"మరి గుట్టకు, కొండకు?"
సుత్తె ఆగింది.
"కొండ దేవునిది. గుట్ట మనది.
మొన్న జీపుల ఒకాయనొచ్చి
పెద్ద పరుపు మీద ఎర్రరంగు గీత గీసి పోయిండు.
గీత అవతలిదాన్ని ఏమంటరు సారూ
మీ పుస్తకంల?"

హాజరు పట్టీ మూసిన.

ఆరేండ్లయింది. నాకు ట్రాన్స్‌ఫరైంది.
సుమన్ పరకాలల సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నడు.
మొన్న పెండ్లికని ఆ ఊరికి పోతే
గుట్ట కింద మేకల కాడున్న బుడ్డోడొకడు
పైనున్న తమ్మునికి కేకేస్తున్నడు:
"సుమనర దాంక పోకురో!"

"సుమనర అంటే ఏందిరా?"
"ఏమో సార్. దాని పేరే గది."
"సుమన్ ఎవలో ఎరికేనా?"
తెల్వదని తల ఊపిండు.
చెయ్యెత్తి
అటు చూపెట్టిండు.