నోటీసు బోర్డు, జూలై మూడో వారం

ముందుగా గడియారం సంగతి.
చలికాలం నుంచీ ఏడు దగ్గర ఆగిపోయిన
మన కౌంట్‌డౌన్ గడియారం మళ్ళీ నడుస్తోంది.
కాకపోతే సున్నా దాటాక ఆగడం లేదు,
అవతలికి దిగి లెక్కపెట్టుకుంటూ పోతోంది.
మెకానిక్ కరగండా నుంచి రావాలి.

రాగి గనుల కంపెనీవాళ్ళు రంగు డబ్బాలు పంపారు,
అన్నీ ఆకుపచ్చే.
ఈ ఏడు చంద్రుడు ఆకుపచ్చగా ఉంటాడు.
దయచేసి ఫిర్యాదులు రాయకండి.

పిల్లల శిబిరం మూడో విడతకి నలభై ఒక్క మంది.
గిరగిర తిరిగే కుర్చీలో వాంతి చేసుకున్నవాళ్ళు ఆరుగురు,
అందులో ఒకరు శిక్షకుడు.
కుర్చీ కడిగాం.

ఇంతవరకు టైపు చేసి
నా వేళ్ళు ఆగిపోయాయి.

వేరేచోట్ల మ్యూజియంలలో ఎగిరేవి పెడతారట.
మా దగ్గరున్నవన్నీ దిగినవి.
ఈ కజక్ గడ్డిమైదానం మీదికి
ఆకాశం నుంచి మనుషులు దిగుతారు,
ఒక్కోసారి గొర్రెల మంద పక్కనే.
హాలు మధ్యలో ఒక గోళం,
అడుగంటిన పాలగిన్నెలా ఒకవైపు మాడి.
దాని నారింజరంగు పారాచూట్‌లో ఒక ముక్కని
ల్యుబోవ్ స్తెపానొవ్నా అంచు కుట్టి
పిల్లల గది కిటికీకి తెర కట్టింది.

కబ్దొల్లా తాత ముప్పై ఏళ్ళు
ఆ గోళాల్ని వెతికే బండి నడిపాడు.
ఇప్పుడు టికెట్లు చింపుతాడు.
ఆరు చక్రాల బండి పెరట్లో
పదకొండేళ్ళుగా పిచ్చుకలది.

మంగళవారం క్లాసులో నుర్తాస్ అనే పన్నెండేళ్ళవాడు
చెయ్యెత్తి అడిగాడు:
"వెళ్ళేటప్పుడే లెక్కపెడతారా?
వచ్చేటప్పుడు ఎవరూ లెక్కపెట్టరా?"
మంచి ప్రశ్న, అన్నాడు శిక్షకుడు,
తర్వాతి బొమ్మకి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి తలలు లెక్కపెడితే నలభై.
కిటికీకి తెర లేదు.

టార్చిలైట్లు, పరుగులు,
గాలిలోకి విసిరిన ఒకే పేరు.
డైరెక్టరు ఫోను పట్టుకుని అరుస్తున్నాడు.
తాత ఎవరితోనూ మాట్లాడలేదు.
ఇంజను మీది పిచ్చుకగూడు తీసి
తన టోపీలో పెట్టి నా చేతికిచ్చాడు.
నాలుగోసారికి దగ్గింది బండి.
ఐదోసారికి లేచింది.

దీపాలు వెలగలేదు, వెన్నెల చాలన్నాడు.
గాలి ఎటు పోతోందో చూసి అటు తిప్పాడు.
"గొడుగు ఎటో మనిషీ అటే."

మూడు కిలోమీటర్ల అవతల
గడ్డిమీద నారింజరంగు ఉబ్బుతూ, చప్పబడుతూ.
దాని కొసలు నడుముకి ముడేసుకుని
వాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు.
కళ్ళు తెరిచే ఉన్నాయి.

నేను తిట్టబోయాను.
తాత చెయ్యి అడ్డం పెట్టాడు.
వాచీ చూసి టైము పైకి చదివాడు.
మోకాళ్ళమీద కూర్చుని నాడి పట్టాడు.
"పేరు?"
"నుర్తాస్."
"ఎక్కడున్నావు?"
"భూమ్మీద."
"లేవకు. వచ్చినవాళ్ళు వెంటనే నడవకూడదు."

మాచిపత్రి రెండు రెబ్బలు తుంచి
అరచేతిలో నలిపి వాడి ముక్కు దగ్గర పెట్టాడు.
దిగిన ప్రతి ఒక్కరికీ అలాగే పెట్టేవాడట,
ఏ కాగితంలోనూ లేని నియమం.
వాడు గుండెలనిండా పీల్చాడు.
అప్పుడు ఏడ్చాడు.

"మా నాన్నవాళ్ళ షిఫ్టు పైకొచ్చేటప్పుడు
గేటు దగ్గర నేను లెక్కపెట్టేవాణ్ణి.
మార్చిలో పదిహేడుమంది దిగారు.
పదహారు."

తాత ఏమీ అనలేదు.
చెరోవైపు చేతులేసి ఎత్తుకున్నాం,
బరువుగానే ఉన్నాడు.
సీటు మీది టోపీలో
పిచ్చుకపిల్లలు మాకేసి నోళ్ళు తెరిచాయి.

ఇదంతా బోర్డుమీద పట్టదు.
రెండు ముక్కలు చాలన్నాడు డైరెక్టరు.
రాశాను:

పాత గాలింపు బండి నడిచే స్థితిలో ఉంది.
డీజిల్ విరాళాలు స్వీకరించబడును.
కిటికీ తెర ఉతికి ఆరేశాం.
గడియారం మెకానిక్‌ని
ఇప్పుడప్పుడే రావద్దన్నాం.