చెల్లని గంట

హన్మకొండ చౌరస్తాలో మందుల దుకాణం పైన
మెట్లెక్కితే నా గది.
పొద్దున్నే కబురు:
పాత శిక్షణ గంటలు కొత్త పట్టికలో చెల్లవట.
రజియా మేడం సంతకాలున్న నాలుగు నోటుబుక్కులు
సంచిలోంచి తీసి
మళ్లీ సంచిలోనే పెట్టాను.

మూడింటికి కొంరెల్లి వచ్చాడు,
ఎనుమాముల యార్డు నుంచి,
చొక్కా నిండా మిర్చి ఘాటుతో.
నేను తుమ్మాను.
అతను నవ్వడం అదే మొదటిసారి.
"డాక్టరమ్మవా బిడ్డా?"
"కాదు."
"మరేంది?"
ఆ జవాబు ఢిల్లీలో ఇంకా ముసాయిదాగానే ఉంది.

తర్వాత నలభై నిమిషాలు
ఇద్దరం ఫ్యాను చప్పుడు విన్నాం.
కింద ఎవరో పరకాల, పరకాల అని అరుస్తున్నారు.
పోయేముందు, తలుపు దగ్గర,
ఒక చెప్పు తొడిగి రెండోది వెతుక్కుంటూ అన్నాడు:
"మొన్న రాత్రి బాయి కాడికి పోయిన.
నీళ్లు జూసి మర్లొచ్చిన."

గొంతు సవరించుకుని
"మళ్ల మంగళారం వస్తరా?" అన్నాను.
"నువ్వుంటవా?"

నోటుబుక్కు తెరిచాను.
తేదీ. సమయం. పర్యవేక్షకుల సంతకం.
మౌనానికి గడి లేదు.
సంతకం చోటు ఖాళీగా వదిలి
మంగళవారం, మూడు గంటలు అని రాసి
కింద రెండు గీతలు గీశాను,
పెన్ను ఆగినచోట కాగితం చిరిగేదాకా.