రెండు మీటర్లు

రాత్రి డ్యూటీలో నా పని ఇంతే.
ఒక మీట నొక్కితే వేదిక కిందికి దిగుతుంది,
ఇంకొకటి నొక్కితే పైకొస్తుంది.
మొత్తం ప్రయాణం రెండు మీటర్లు:
ఒక మనిషి నిలువు, పైన ఒక జానెడు.

వేదిక మీద రాగీ సీసమూ తొడుక్కున్న పెట్టె.
లోపల ప్లాస్టిక్ కడ్డీలు, కట్టెల మోపులా పేర్చినవి,
ఒక వరస ఇటు, ఒక వరస అటు.
నెత్తిన పదకొండు మీటర్ల ఎత్తులో రియాక్టర్ గుండె.
దాని నీళ్లూ ఇనుమూ మాకు గొడుగు,
ఆకాశం నుంచి రాలేవాటికి.
దాన్నుంచే రాలేవాటికి
ఏ గొడుగూ లేదు.

"మీ గోటి మీంచి, అన్ఫీసా సవెల్యెవ్నా,
సెకనుకి నలభై లక్షల కోట్లు" అన్నాడు ఎల్దార్
చేరిన మొదటి రోజే,
కజాన్ నుంచి వాళ్లమ్మ పంపిన తేనె మిఠాయి నములుతూ.
గోరు చూసుకున్నాను.
బీట్‌రూట్ మరక తప్ప ఏమీ కనిపించలేదు.

అన్నిట్లోకీ రోజుకి ఏ నాలుగు వేలో
ఆ పెట్టెలో తట్టుకుంటాయట.
ముందొక మెరుపు,
రెప్ప కదిలేలోపే ఇంకొకటి.
రెండూ వస్తేనే ఒకటి అని రాసుకుంటారు.
ఒంటి మెరుపుని ఎవరూ నమ్మరు.

ఇవి దారిలో వేషం మార్చే జాతేనట.
కానీ వేషం మారడానికి దూరం కావాలి, కిలోమీటర్లు కావాలి.
గడప దాటీ దాటకముందే మాయమైతే
ఎవరి జాబితాలోనూ లేని నాలుగోది ఒకటుందన్నమాట,
దేన్నీ తాకనిది, దేనికీ తగలనిది.
ఎక్కడెక్కడో రియాక్టర్ల పక్కన పెట్టిన పెట్టెలు కూడా
వందకి ఆరు తక్కువ చూపిస్తున్నాయట.
ఆ ఆరింటి కోసమే
నా మీట, నా రెండు మీటర్లు.

ఆ నాలుగోదానికి పేరు స్టెరైల్.
వినగానే కట్టుగుడ్డల పెట్టె గుర్తొచ్చింది.
ఆ తర్వాత ఒక కాగితం.
ఎనభై తొమ్మిది, మార్చి, జిల్లా ఆసుపత్రి, ఊదా సిరా ముద్ర.
నా పేరు పక్కన అదే మాట.
మా అత్త దాన్నే పచ్చిగా, గొడ్డు అనేది.
వెనియమీన్ ఆ కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.
ఆయన్ని ఏ పరీక్షకీ ఎవరూ పిలవలేదు.

బయట సున్నాకి ఇరవై నాలుగు కింద.
సరస్సు మాత్రం గడ్డకట్టదు, మేము మరిగించిన నీళ్లే కదా అందులోకి పోయేది.
ఆవిరిలో గొర్రెతోలు కోట్ల ముసలాళ్లు
జనవరిలో గాలాలు వేసుకుని కూర్చుంటారు,
ఎవరితో ఎవరూ మాట్లాడరు.

ఒక ఎండాకాలం ఇంధనం మార్చడానికి రియాక్టర్ ఆపారు.
పెట్టె దాదాపు మూగబోయింది.
పక్క యూనిట్ల నుంచి దారి తప్పి వచ్చినట్టు
రోజుకి కొన్ని పదులు, అంతే.
ఆ నెలంతా నాకు చెవులు దిబ్బడేసినట్టుండేది.
అంతకుముందు మాత్రం ఏం వినపడిందని?

పైన, మధ్య, కింద,
మూడు చోట్లా గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.
ఏదీ తగ్గలేదు.
ఒక రాత్రి ఎల్దార్ టీ గ్లాసు చల్లారబెట్టుకుని చెప్పాడు:
తప్పిపోయినవాళ్లు అసలు లేరేమో,
పాత కొలత ఒకటి పొరపాటై
హాజరు పట్టీలోనే పేర్లు ఎక్కువ రాశారేమో అని.
"మూడేళ్లు" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

"మళ్లీ కొలిచారు కదా" అన్నాను.
"మళ్లీ కొలిచారు" అన్నాడు.
ఆ మాట ఎందుకు రెండుసార్లు చెప్పించుకున్నానో
అతనికి తెలియదు.

గీతలో ఒకచోట చిన్న మూపురం మిగిలి ఉంది.
అదెందుకో ఇంకా ఎవరికీ తేలలేదు.
నాకది ఇష్టం.

మూడయింది. ఇప్పుడు కిందికి.
నెమ్మదిగా దించాలి,
కడ్డీలు కదిలితే లెక్క పోతుంది.