నీళ్ళు కొట్టే పని

శుక్రవారమే ఇక్కడ ఆదివారం.
మిగతా ఆరు రోజులూ గోడ వారం.

సొహార్‌లో, ఓడరేవు దారికి ఇవతల
సర్కారు చూపించిన జాగాలో
గంట మోగని, సిలువ బయటికి కనిపించని
మందిరం ఒకటి లేస్తోంది.
అచ్చం గోడౌనులా ఉంది, అన్నాను.
పశువుల పాక కంటే నయమే కదా, అన్నాడు దేవసహాయం.

మూడు నెలల విజిట్ వీసా మీద వచ్చాం
రిటైరైన మూడు జంటలం.
నేను హాస్టల్ వార్డెన్ని,
ముప్పై రెండేళ్ళు పిల్లల అన్నాల లెక్క రాసినదాన్ని.
మా ఆయన ఆర్ అండ్ బీలో వర్క్ ఇన్‌స్పెక్టరు.
కందుకూరు నుంచి కనిగిరి దాకా
ఏ కల్వర్టు ఎవరి హయాంలో పగిలిందో అడగండి, చెబుతాడు.
నూజివీడు పోస్టుమాస్టరు జ్ఞానప్రకాశం, ఆయన భార్య లేయమ్మ.
తిరువల్ల నుంచి కురియన్, శోశమ్మ.
శోశమ్మకు తెలుగు రాదు, నాకు మలయాళం రాదు.
యాభై మందికి ఉల్లిపాయలు తరుగుతూ
ఇద్దరం ఒకే భాషలో ఏడ్చేవాళ్ళం.

ఇంజినీరు మొదటిరోజే చెప్పేశాడు:
విజిటర్లు తాపీ పట్టకూడదు. పరంజా ఎక్కకూడదు.
ఊరికే ఉండలేకపోతే
గోడలకి నీళ్ళు కొట్టుకోండి.

ముప్పై ఆరేళ్ళు మేస్త్రీలను అదిలించిన మనిషి
పచ్చ గొట్టం చేతిలోకి తీసుకున్నాడు.

తెల్లవారుజాము నాలుగింటికి
నీళ్ళు పడగానే గోడ స్స్‌స్ అనేది.
చూడు దాని దాహం, అనేవాడు,
నేనేదో తాగనివ్వనట్టు.
సముద్రం కూతవేటు దూరం. అయినా
ప్రతి చుక్కా ట్యాంకరెక్కి రసీదుతో వస్తుంది.
ఆ రసీదులు తీగకి గుచ్చడం నా పరిచర్య.

చివరి వారంలో ఒక పొద్దున
గొట్టం పాదాల మీద కారుతుంటే నిలబడిపోయాడు.
ఈశాన్యం మూల, అన్నాడు.
మనకెందుకయ్యా వాస్తు, అన్నాను.
వాస్తు కాదే, తూకం. రెండు నూళ్ళు వాలింది.
ప్లాస్టరింగులో కలిసిపోతుందిలే అన్నాను గానీ
రెండు నూళ్ళకి నిద్ర మానుకునే మనిషితో
నలభై ఏళ్ళు కాపురం చేశాను,
ఆ రాత్రి ఎలా గడుస్తుందో నాకు ముందే తెలుసు.

ఇంజినీరుకి చెబితే మేస్త్రీ కూలి తెగుతుంది.
మేస్త్రీ గులాం రసూల్, ముల్తాన్ మనిషి,
ఆరుగురు ఆడపిల్లల తండ్రి.
సాయంత్రం ఇంజినీరు కారు వెళ్ళాక
మా ఆయన సూట్‌కేసు అడుగు నుంచి
పాత బనియన్లో చుట్టిన ఇత్తడి తూకపు గుండు తీశాడు.
వాళ్ళ నాన్నది. నన్ను కూడా తాకనిచ్చేవాడు కాదు.

ఉర్దూ లేదు, తెలుగు లేదు.
దారం వేలికి చుట్టి వదిలాడు.
గుండు ఊగింది.
ఊగింది.
ఆగింది.
రసూల్ టీ గ్లాసు కింద పెట్టి
సుత్తి తెమ్మన్నాడు జగిత్యాల రాజేశాన్ని.

నాలుగు వరసలు విప్పి, రాత్రి పదకొండు దాకా
మళ్ళీ పేర్చారు. ఓవర్‌టైం లేదు.
మెడలో కొండగట్టు తాడు చెమటకి అంటుకుపోయి
రాజేశం బ్లాకులు అందిస్తున్నాడు.
రూలు ప్రకారం మేం ముగ్గురం జంటలం
గోడ ముట్టుకోకుండా
సెల్‌ఫోన్ల వెలుగు పట్టుకుని నిలబడ్డాం.
లేయమ్మ చెయ్యి మార్చుకుంటూ కీర్తన అందుకుంది.
రసూల్ రెండో చరణానికే
దాని మీద తాపీతో తాళం వేశాడు.

కప్పు పడకముందే మా గడువు అయిపోయింది.
మస్కట్ ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు తూస్తే
నా లెక్క కంటే ముప్పావు కిలో తక్కువ.
అన్నాల లెక్క రాసినదాన్ని, నా లెక్క తప్పదు.
ఆయన వైపు చూశాను.
ఆయన విమానాల బోర్డు వైపు చూశాడు.
సరే, ఖర్జూరాలు పడతాయి, అని
ఒక పొట్లం కొని దాని చోట్లో పెట్టాను.

విమానం వంగి తిరిగాక అడిగాడు:
ఆ నాలుగు వరసలకీ
ఏడు రోజులూ నీళ్ళు కొడతాడంటావా రాజేశం?

కింద ఎన్ని నీళ్ళో.