మొదటి గుంజ

హౌటన్ రేవులో టికెట్ల గది.
హీటరు ఒక కాలికే సరిపోతుంది,
రెండోది నేనే రుద్దుకోవాలి.
గాలివానకి పొద్దుటి పడవ రద్దు,
మధ్యాహ్నందీ అనుమానమే.
లెక్కల పుస్తకం తెరిచాను.

వెయ్యి పౌండ్ల బాండు. ఏడాదికి ఆరు శాతం,
ఆర్నెల్లకోసారి కూపన్. గడువు పదేళ్లు.
అంతవరకూ నాకు భయం లేదు.
ముప్పై, ముప్పై, ముప్పై... ఇరవై సార్లు,
చివర్న వెయ్యి.
నన్ను రెండుసార్లు ముంచింది అంకెలు కావు,
"కూపన్ చెల్లించిన వెంటనే కొన్నాడు" అన్న ముక్క.
వెంటనే అంటే ఎంత వెంటనే?

గీత గీసి, సున్నా నుంచి ఇరవై దాకా గాట్లు పెట్టాను.
లెక్కపెడితే ఇరవై ఒకటి.
మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై ఒకటే.
పోయిన ఏప్రిల్లో పరీక్ష హాల్లోనూ ఇంతే,
ఎవరి జేబులోంచో ముప్పై పౌండ్లు తీసి
నా జవాబులో వేసుకొచ్చాను.

కిటికీ అవతల ఎర్లెండ్
గాలికి ఒరిగిన కంచె నిలబెడుతున్నాడు.
సుత్తి దెబ్బ ముందు కనబడి, తర్వాత వినబడుతోంది.
టీకి లోపలికొస్తే అడిగాను:
ఇరవై సందులకి గుంజలెన్ని?
"ఇరవై ఒకటి," అన్నాడు బిస్కెట్ ముంచుతూ,
"నేను పాతేవి మాత్రం ఇరవయ్యే.
మొదటిది రెండాల్ వాళ్లది.
దాని జోలికి నేను పోను."

అతని బిస్కెట్ విరిగి కప్పులో పడింది.
నేను సున్నా దగ్గరి గాటు కొట్టేశాను.
అది అమ్మినవాడిది, తీసుకుని వెళ్లిపోయాడు.
నేను రేవుకొచ్చేసరికి
నీళ్ల మీద నురగ చార,
గట్టున ఇంకా ఊగుతున్న తాడు.
వెంటనే అంటే అదీ.

తర్వాతి లెక్క ఇంకాస్త కొంటెది.
మార్చి ఒకటిన, సెప్టెంబరు ఒకటిన కూపన్లు,
కొన్నదేమో జూన్ పద్నాలుగున.
నూట ఎనభై నాలుగు రోజుల్లో నూట ఐదు గడిచిపోయాయి.
అన్నాళ్లూ బాండు పట్టుకు కూచున్నవాడికి
పదిహేడు పౌండ్ల పన్నెండు పెన్నీలు
చేతిలో పెట్టి మరీ తీసుకోవాలి.
సెప్టెంబరులో ముప్పై మొత్తం నాకే వస్తుంది,
వచ్చినంతా నాది మాత్రం కాదు.

జూన్ పద్నాలుగు.
ఈ తేదీ ఎక్కడో చూశాను.
సొరుగు లాగి టికెట్ల రిజిస్టరు తీశాను.
జూన్ పదమూడు దాకా తోరా రాత,
ఒద్దికగా, కుడివైపు వాలి.
పద్నాలుగు నుంచి నా కోడిగీతలు.
మార్చి నుంచి ఆర్నెల్ల బోనసు
రెండు వందల నలభై పౌండ్లు
సెప్టెంబరులో నా పేరనే వచ్చింది.
బూట్లు కొనుక్కున్నాను.
తోరా అడగలేదు.
అడిగే మనిషి కాదు.

టికెట్టు వెనక లెక్క వేశాను.
ఉన్న రోజులు ఉన్నట్టు వేస్తే నూట ముప్పై ఆరూ తొంభై ఆరు.
నెలకి ముప్పై రోజులే అనుకుంటే
నూట ముప్పై ఏడూ ముప్పై మూడు.
తేడా ముప్పై ఏడు పెన్నీలు.
పరీక్షలో ఏ పద్ధతో వాళ్లే చెబుతారు.
ఇక్కడ చెప్పేవాళ్లు లేరు.

పెద్ద అంకే కవరు మీద రాశాను.
ఆలస్యానికి వడ్డీ కూడా కట్టాలి కదా
అని గుర్తొచ్చేసరికి
పడవ కూత పెట్టింది.