గడువు ముద్ర

నోటీసు బోర్డు మీద నాలుగు పిన్నులతో
ఆనర్స్ ప్రోగ్రాం వెలిసింది.
పద్దెనిమిది సీట్లు.
నాలుగు సెమిస్టర్లకీ కలిపి ఎనిమిదిన్నర సగటు,
ఒక్క పేపరూ తప్పి ఉండకూడదు,
హాజరు ఎనభై అయిదు శాతం,
'నేనే ఎందుకు' అని అయిదు వందల మాటలు,
మిమ్మల్ని బాగా ఎరిగిన ఇద్దరి ఉత్తరాలు.

సలోమికి ఎనిమిదిన్నర ఉంది, పైన ఇంకో పిసరు కూడా.
హాజరు ఎనభై నాలుగు.
ఆ ఒక్కటీ వైట్‌ఫీల్డ్ దగ్గర సిగ్నల్లో ఆగిపోయింది.

ఉత్తరం ఒకటి కెమిస్ట్రీ మేడం ఇచ్చారు,
పేరులో ఒక అక్షరం తప్పు రాసి.
రెండోదానికి మనిషి లేరు.
తెల్లారకుండా బంగారుపేటలో రైలెక్కే పిల్ల,
బెల్లు కొట్టగానే కంటోన్మెంట్ వైపు పరిగెత్తే పిల్ల,
ఎవరి గది ముందు నిలబడి పరిచయం పెంచుకుంటుంది?

నా బల్ల ముందు నిలబడింది.
"సార్, నేను మీకు బాగా తెలుసు కదా?"

నేను లైబ్రరీ అసిస్టెంటుని. ఇరవై రెండేళ్ళు.
నాలాంటివాడు ఉత్తరం రాయొచ్చని నోటీసులో లేదు.
రాయకూడదనీ లేదు.

తెలుసు.
రిఫరెన్సు పుస్తకం ఇంటికివ్వం గనక
బీరువాకి ఆనుకుని నిలబడే చదువుతుంది.
కూర్చుంటే నిద్రొస్తుందట.
పేజీ మడవదు, పాత టిక్కెట్టు పెట్టుకుంటుంది.
ఒకసారి ఎవరో మార్జిన్లో తప్పు లెక్క వేసి వదిలేస్తే
పక్కనే సన్నటి పెన్సిల్‌తో సరిచేసి
కాసేపు చూసుకుని
రెండూ చెరిపేసింది.

ఆనర్స్ వాళ్ళకి ఆకుపచ్చ కార్డు.
మూడు పుస్తకాలకి బదులు పది,
పదిహేను రోజులకి బదులు నెల.
రాత్రి తొమ్మిదిదాకా ల్యాబు తాళం,
వేసవిలో పెద్ద ఇన్‌స్టిట్యూట్‌లో పని, చేతికి స్టైపెండు,
పట్టా మీద ఒక మాట ఎక్కువ.
ఆ మాట బజారులో ఎంత చేస్తుందో నాకు తెలీదు.
హాస్టల్లో గది ఇస్తారు, దాని లెక్క మాత్రం తెలుసు:
రోజుకి నాలుగు గంటల రైలు
ఆమె చేతికి తిరిగొస్తుంది.

రాత్రి భోజనమయ్యాక కూర్చున్నాను.
కష్టపడే అమ్మాయి, నిజాయితీపరురాలు అని మొదలెట్టి
కొట్టేశాను.
నాకు తెలిసి ఆ కాలేజీలో
ఆ రెండు మాటలూ దక్కనివాళ్ళు లేరు.
మర్నాడు గేటు రిజిస్టరు దింపి దుమ్ము దులిపి
తేదీలే రాసుకుంటూ పోయాను.
ఫిబ్రవరి పదకొండు: వాన. రైలు లేటు. అయినా వచ్చింది.
మార్చి మూడు: అందరికన్నా ఆఖరున వెళ్ళింది. ఫ్యాన్లు ఆపి వెళ్ళింది.
మార్చి తొమ్మిది: జ్వరం. పుస్తకం తమ్ముడితో పంపింది, గడువుకి ఒక రోజు ముందు.
ఒకటిన్నర పేజీ అయింది.

కింద ఒక గడి: కార్యాలయ ముద్ర.
నా దగ్గరున్న ముద్ర ఒక్కటే.
చక్రాలు తిప్పితే తేదీ మారేది.
ఇంక్ ప్యాడ్ మీద రెండుసార్లు ఒత్తి
ఊపిరి బిగబట్టి వేశాను.
ఊదారంగులో, కాస్త వంకరగా పడింది:
ఈ తేదీలోగా వాపసు ఇవ్వవలెను.

ఆఫీసులో పుట్టస్వామి కళ్ళజోడు పైకి తోసి నవ్వాడు.
"ఏన్ సార్ ఇదు, యావ పుస్తక?"
జవాబు తట్టలేదు.
తట్టి ఉంటే అతను పిన్ను కొట్టేవాడు కాదేమో.
కొట్టాడు.
ఫైలు పైకి వెళ్ళింది.

జాబితా ఇంకా రాలేదు.
కిటికీ పక్క బల్ల తుడిచి ఉంచాను,
అది ఆకుపచ్చ కార్డులకని ఎవరికీ చెప్పలేదు.
సలోమి యథాప్రకారం బీరువాకి ఆనుకుని ఉంది,
ఈ మధ్య మా ఇద్దరికీ కళ్ళు కలపడం కుదరడం లేదు.

నేను వేసిన తేదీ మాత్రం దగ్గరికొస్తోంది.
గడువు దాటితే రోజుకి రూపాయి జరిమానా,
ఈ నియమం గోడ మీదే ఉంది.
ఎవరి దగ్గర వసూలు చెయ్యాలో
ఇప్పటినుంచే ఆలోచిస్తున్నాను.