వీపు తిప్పిన మనిషి

సిరొంచ నుంచి బస్సు, బస్సు దిగి పడవ,
పడవ దిగాక పిక్కల దాకా ఇసుక.
నా సంచిలో సహకార సంఘం ఫారాలు,
మరాఠీలో, మూడు ప్రతులు,
నడుమ నల్ల కార్బన్.

చేపలు పట్టేవాళ్ళ ఊరు. ముప్పై ఒక్క గడప.
ప్రాణహిత ఆ పూట
పిండి ఆరేసిన పంచెలా సన్నగా ఉంది.

పదకొండో గడి దగ్గర నా పెన్ను ఆగింది:
'లాభాల పంపిణీ విధానం. స్పష్టంగా రాయవలెను.'
"పంచుడా?" అన్నది తోకల రాజవ్వ.
"గది రాసుడేంది? పొద్దుమీకినంక సూడరాదు."

చూశాను.
ఇసుక మీద టేకాకులు పరిచారు.
జెల్లలు, బొచ్చెలు, మట్టగిడసలు,
నేను పేరడగని చిల్లర చేప.
కుప్పలు పెట్టేది గోమాస సమ్మయ్య.
ఏ కుప్ప ఎవరిదో తెలియదు, తనదేదో అసలే తెలియదు,
అందుకే ఆ చేతులు
కంసాలి చేతుల కన్నా జాగ్రత్తగా కదులుతాయి.
ఇక్కడి తోక అక్కడికి,
అక్కడి తల ఇక్కడికి.

ఆత్రం లచ్చులు కుప్పలకు వీపు పెట్టి
ఏటి వైపు తిరిగి నిలబడ్డాడు.
సమ్మయ్య కర్రతో ఓ ఆకును తాకుతాడు: "ఇదెవలికి?"
వీపు జవాబు చెబుతుంది: "బానక్కకు."
బానక్క ఏట్లో దిగి ఆరేళ్ళు.
"ఇదెవలికి?" "మంచంలున్న పెద్దులుకు."
"ఇదెవలికి?" "వలకు."
వలకూ ఒక పాలు. చినుగుతుంది గదా.
దానికి సొంతదారు లేడు, ఆకలి మాత్రం ఉంది.
"ఇదెవలికి?" "ఏటికి."
ఆ ఆకు మీద ఏమీ లేదు.
గుడ్లతో దొరికిన రెండు బొచ్చెలు
పొద్దున్నే నీళ్ళలోకి వెళ్ళిపోయాయి.

స్వర్గమేం కాదు, రాసి పెట్టుకోండి.
నిరుడు గాదె ఎల్లేశు అప్పు తెచ్చి మోటరు కొన్నాడు.
చేప గుడ్లు పెట్టే మడుగును
రాత్రికి రాత్రి తోడి, చెన్నూరు సేటుకు తూచాడు.
ఊరు వాణ్ణి కొట్టలేదు.
తిట్టింది, బాగానే తిట్టింది.
కానీ సాయంత్రం కాగానే వీపు వాడి పేరూ పిలిచింది.
రాలేదు. ఆకు మీదే చేప కుళ్ళింది, కుక్కలు తిన్నాయి.
మర్నాడూ పిలిచింది.
తొమ్మిదో రోజు వచ్చి, తల వంచుకుని
తన ఆకు మడిచి పట్టుకుపోయాడు.
మోటరిప్పుడు వంకాయ మళ్ళకు నీళ్ళు తోడుతుంది.
అందరిదే, కానీ తిప్పడం వాడికొక్కడికే వచ్చు.
అందుకు కాస్త గీర.

"వీపు తిప్పే పని ఆడవాళ్ళకు ఎందుకివ్వరు?"
అడిగాను. మగవాళ్ళంతా ఏటిని చూశారు.
"అడుగు బిడ్డా, గట్టిగడుగు" అని
రాజవ్వ పొగాకు కాడ కొరికింది.

మా నాన్న పోయాక
నలుగురన్నదమ్ములం చేను పంచుకున్నాం.
అమీన్ వచ్చాడు, గొలుసు వచ్చింది, బావి దగ్గర తలలు పగిలాయి.
ఆ తర్వాత మేమూ వీపులు తిప్పుకున్నాం.
ఎవరి పేరూ ఎవరూ పిలవలేదు.

"ఇదెవలికి?"
"ఫారాల సారుకు."
ఉలిక్కిపడ్డాను.
మూడు పరకలు, ఒక జెల్ల తల.
కొలత తప్పలేదు, మర్యాద కోసం పెరగనూ లేదు.

బస్సులో కండక్టరు ముక్కు మూసుకున్నాడు.
పదకొండో గడిలో ఉన్నదున్నట్టు రాశాను,
గడి చాలక మార్జిన్ లోకి, మార్జిన్ చాలక వెనక్కి.

నెలకు తిరిగొచ్చింది, ఎర్ర సిరాతో:
'వలకు, నదికి వాటా చెల్లదు.
సభ్యుల సంఖ్య సరిచూసి మళ్ళీ పంపగలరు.'

సరిచూశాను. ముప్పై ఒక్క గడప, ఒక వల, ఒక ఏరు.
ముప్పై మూడు అని వేసి మళ్ళీ పంపాను.

మూడో ప్రతి నా దగ్గరే ఉంది.
ముక్కు దగ్గర పెట్టుకుంటే
ఇంకా కొంచెం నీచు.